పై గీత పుష్యంలో, కింది గీత రోహిణిలో

(దేవరకొండలో సోలార్ పనిచేసే ఎలక్ట్రీషియన్ల శిక్షణలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. అచ్చంపేట, కల్వకుర్తి నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చినవాళ్లు ఉన్నారు కాబట్టి నేరుగా లెక్కలోకి పోదాం. బోర్డు మీద రెండు అంకెలు రాశాను: 148.5, 150. ఇప్పుడు చాలామంది కడుతున్న 540 వాట్ల మోనో రకం సోలార్ ప్లేట్ తీసుకోండి. వెనక స్టిక్కర్ మీద వీఓసీ, అంటే ప్లేట్ నుంచి కరెంటు ఏమీ లాగనప్పుడు ఉండే వోల్టేజ్, 49.5 వోల్టులు అని ఉంటుంది, కంపెనీని బట్టి కొంచెం అటూ ఇటూ. మూడింటిని సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటి, కడితే 148.5. ప్లేట్ల నుంచి బ్యాటరీని ఛార్జ్ చేసే కంట్రోలర్ మీద గరిష్ఠ ఇన్‌పుట్ 150 అని రాసి ఉంది. ఇంకా ఒకటిన్నర వోల్టు మిగిలింది. కట్టొచ్చా?

(సభలో: "కట్టొచ్చు సార్." వెనక నుంచి ఇంకొకరు: "వద్దు సార్, మరీ అంచుకుంది.")

వద్దన్న తమ్ముడిదే కరెక్టు. అయితే అంచుకుంది అంటే సరిపోదు, ఆ అంచు ఎప్పుడు దాటుతుందో చెప్పగలగాలి. ఎందుకంటే ఇదే సెట్టును మార్చిలో బిగించారనుకోండి, ఎండాకాలమంతా నిక్షేపంగా నడుస్తుంది. వానాకాలం నడుస్తుంది. దసరా, దీపావళి దాటిపోతాయి. కస్టమర్ డబ్బులు ఇచ్చేశాడు, మీరు మరిచిపోయారు. జనవరిలో ఓ పొద్దున ఫోన్ వస్తుంది: "అన్నా, డబ్బాలో లైట్లు వెలుగుతలేవు." మీరు పోయి చూస్తారు. ప్లేట్లు బాగున్నాయి, బ్యాటరీ బాగుంది, కంట్రోలర్ మాత్రం పోయింది. పిడుగు పడలేదు, వాన పడలేదు. ఏం జరిగింది?

స్టిక్కర్ మీద అంకె ల్యాబ్‌లో తీసింది. చదరపు మీటరుకు 1000 వాట్ల వెలుతురు, సెల్ వేడి సరిగ్గా 25 డిగ్రీలు. గాలి వేడి కాదు, సెల్ వేడి. సెల్ వేడెక్కితే వోల్టేజ్ పడిపోతుంది, చల్లబడితే పెరుగుతుంది. మోనో ప్లేట్లలో వీఓసీ ఒక్కో డిగ్రీకి దాదాపు 0.28 శాతం మారుతుంది. పాత పాలీ రకం ప్లేట్లలో 0.3 పైన. ఈ అంకె స్టిక్కర్ మీద తరచుగా ఉండదు, డేటాషీట్‌లో ఉంటుంది. ప్లేట్ కొన్న షాపులో అడిగి వాట్సాప్‌లో పెట్టించుకోండి, ఇయ్యకపోతే ఇంకో షాపు చూసుకోండి.

ఇప్పుడు మన దగ్గర చలి ఎంత? నల్గొండ, పాలమూరు వైపు పుష్యమాసం తెల్లవారుజామున 10, 12 డిగ్రీల దాకా దిగుతుంది. కొన్నేళ్లలో, కొన్ని మైదానాల్లో ఇంకా కిందికి పోతుంది. ప్లేట్ సంగతి చూడండి: రాత్రంతా ఆకాశం కింద వేడి కోల్పోతూ ఉంటుంది కాబట్టి మబ్బులేని రాత్రి గాలి కంటే కూడా రెండు మూడు డిగ్రీలు చల్లగా ఉంటుంది. పొద్దున ప్లేట్ మీద మంచు పట్టేది అందుకే. నేను మన ప్రాంతానికి 5 డిగ్రీలు పెట్టుకొని లెక్క కడతాను. 25 నుంచి 5 దాకా తేడా 20. ఇరవై ఇంటూ 0.28 అంటే 5.6 శాతం. 49.5 కాస్తా 52.3 అవుతుంది. మూడు ప్లేట్లకు దాదాపు 157. కంట్రోలర్ తట్టుకునేది 150.

ఇంకోలా చెప్తాను. 148.5 నుంచి 150 దాటడానికి ఎంత చల్లబడాలి? మూడున్నర డిగ్రీలు. అంటే సెల్ 21 డిగ్రీల దగ్గర ఉండి మంచి ఎండ పడితే చాలు. అది చలి కూడా కాదు, కార్తీకమాసం పొద్దున.

ఒక అనుమానం మీలో ఎవరికైనా వచ్చి ఉంటుంది, రాకపోతే రావాలి. పొద్దున ఏడింటికి మల్టీమీటర్ పెట్టి చూస్తే అంత రావట్లేదు కదా అని. నిజమే. అప్పుడు వెలుతురు తక్కువ. అయితే వీఓసీ వెలుతురుతో పాటు సగానికి సగం పడిపోదు. ఎండ అయిదో వంతే ఉన్నా వోల్టేజ్ తొంభై శాతం పైనే ఉంటుంది. పడిపోయేది కరెంటు. అందుకే అసలు ప్రమాదం సూర్యుడు వచ్చిన నిమిషంలో కాదు, ఎనిమిది, తొమ్మిది మధ్యలో. ఎండ బాగా పడుతుంటుంది, చల్లగాలికి ప్లేట్ ఇంకా వేడెక్కదు. దానికి తోడు ఆ సమయానికి కంట్రోలర్ ప్లేట్ల నుంచి కరెంటు లాగకపోతే, అంటే బ్యాటరీ వైపు ఎవరో ఎంసీబీ స్విచ్ దించితే, సిరీస్ మొత్తం వీఓసీ దగ్గరికి లేచి కూర్చుంటుంది. లెక్కలో వచ్చిన 157 మీకు మీటర్ మీద ఏటా కనపడకపోవచ్చు. కానీ కంట్రోలర్ లోపలి మాస్‌ఫెట్, కెపాసిటర్ లాంటి చిన్న భాగాలు పోవడానికి ఒక్కసారి చాలు.

వారంటీ అంటారా? కొన్ని మంచి కంట్రోలర్లు రోజూ ప్లేట్ల వైపు వచ్చిన గరిష్ఠ వోల్టేజ్‌ను గుర్తుపెట్టుకుంటాయి. సర్వీస్ సెంటర్‌వాడు ఆ చరిత్ర తీసి మీ ముందే చూపిస్తాడు. మాట్లాడటానికి ఏమీ ఉండదు.

రెండు ప్లేట్లు, 100 వోల్టుల కంట్రోలర్ కూడా ఇదే కథ. రెండు 49.5లు 99. వంద లోపలే ఉంది కదా అని కడతారు. చలికి 104 దాటుతుంది. ఎందుకో ఈ పెద్ద ప్లేట్లు వచ్చాక 99, 148.5 అనే అంకెలు మనల్ని ఉబ్బించి పడేసేటట్టే కుదిరాయి.

స్టిక్కర్ మీద ఇంకో రెండు మోసాలు ఉన్నాయి. మోసం అంటే కంపెనీ చేసింది కాదు, మన చదువుడులో వచ్చేది. "మ్యాగ్జిమమ్ సిస్టమ్ వోల్టేజ్ 1500" అని ఉంటుంది. అది చూసి, ప్లేటే 1500 తట్టుకుంటుంటే నూట యాభై ఎంత అనేవాళ్లు ఉన్నారు. అది ప్లేట్ ఇన్సులేషన్ తట్టుకునే హద్దు. దానికీ కంట్రోలర్‌కూ సంబంధం లేదు. రెండోది 144 సెల్స్. ఇవి సగానికి కోసిన సెల్స్, పైన 72 కింద 72 ప్యారలల్‌గా, అంటే వోల్టేజ్ కలవకుండా పక్కపక్కన, ఉంటాయి. కాబట్టి వోల్టేజ్ 72 సెల్స్‌దే. 144 చూసి ఒక్క ప్లేటే తొంభై వోల్టులు ఇస్తుందని లెక్కేయకండి.

ఇదంతా పై గీత, వోల్టేజ్ దాటకూడని హద్దు. దిగకూడని హద్దుకు, అంటే కింది గీతకు వద్దాం. మన జిల్లాల్లో దీని గురించి ఇంకా తక్కువ మాట్లాడుకుంటాం.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. మే నెలాఖరులో నల్గొండలో 44, 45 డిగ్రీలు మనకు వార్త కూడా కాదు. గాలి 45 ఉంటే, ఎండలో ప్లేట్ లోపలి సెల్ దానికి ఇంకో 25, 30 కలుపుకుంటుంది. డెబ్భై దాటుతుంది. రేకుల కప్పుకు ఆనించి, కింద గాలి ఆడకుండా బిగిస్తే ఇంకా పైకి పోతుంది. అప్పుడు చూడాల్సింది వీఓసీ కాదు, వీఎంపీ, అంటే ప్లేట్ నిజంగా పనిచేస్తున్నప్పటి వోల్టేజ్. మన 540 వాట్ల ప్లేట్‌కు అది 41.5. డిగ్రీకి 0.35 శాతం పడుతుందనుకుంటే, 70 డిగ్రీల దగ్గర 35 వోల్టులు. స్టిక్కర్ మీద నలభై ఒకటిన్నర, కప్పు మీద ముప్పై అయిదు.

ఎంపీపీటీ కంట్రోలర్లు, అంటే ప్లేట్ ఎక్కువ పవర్ ఇచ్చే వోల్టేజ్‌ను వెతికి పట్టుకునేవి, దాదాపు అన్నీ వోల్టేజ్‌ను దించేవే, పెంచేవి కావు. బ్యాటరీకి కావాల్సిన దాని కంటే ప్లేట్ల వోల్టేజ్ ఎప్పుడూ పైనే ఉండాలి. బ్యాటరీకి కావాల్సింది అంటే పేరులో ఉన్న 48 కాదు. నాలుగు ట్యూబులర్ బ్యాటరీలు సిరీస్‌లో ఉంటే నిండేటప్పుడు 57.6 అడుగుతాయి. ఈక్వలైజ్, అంటే అప్పుడప్పుడు కావాలని ఎక్కువ వోల్టేజ్‌తో చేసే ఛార్జింగ్, పెడితే ఇంకా ఎక్కువ. విక్ట్రాన్ కంపెనీ కంట్రోలర్ అయితే మొదలవడానికి బ్యాటరీ కంటే 5 వోల్టులు ఎక్కువ అడుగుతుంది, ఒకసారి మొదలయ్యాక 1 వోల్టు ఎక్కువుంటే చాలు. మిగతా కంపెనీలవి మాన్యువల్లో చూసుకోండి. రెండు ప్లేట్లు సిరీస్ అంటే ఎండాకాలం మధ్యాహ్నం 70 వోల్టులు. 57.6 మీద పన్నెండు వోల్టుల వెసులుబాటు. సరిపోతుంది, అయితే పుష్కలంగా లేదు. ఎందుకో నీడ దగ్గర చెప్తాను.

పాత 60 సెల్స్ ప్లేట్లు సెకండ్ హ్యాండ్‌లో చవకగా వస్తున్నాయి. వాటి వీఎంపీ 31 దగ్గర ఉంటుంది. 24 వోల్టుల బ్యాటరీకి ఒక్కో ప్లేట్ నేరుగా పెట్టేస్తున్నారు, 31 కంటే 24 తక్కువే కదా అని. రోహిణి కార్తె మధ్యాహ్నం ఆ 31 కాస్తా 25 అవుతుంది. బ్యాటరీ నిండడానికి 28.8 కావాలి. ఆ ఎండలో అది రాదు. పొద్దున కాసేపు ఛార్జ్ అవుతుంది, మధ్యాహ్నం మంచి ఎండలో ఆగిపోతుంది. ఎండ ఎంత ఎక్కువుంటే ఛార్జింగ్ అంత తక్కువ! కస్టమర్‌కు ఇది చెప్తే నమ్మడు. ట్యూబులర్ బ్యాటరీ ఇలా నెలల తరబడి సగం సగం నిండుతూ ఉంటే పలకల మీద సల్ఫేట్ గడ్డకడుతుంది, ఏడాదికే కెపాసిటీ పోతుంది. అప్పుడు అందరం బ్యాటరీ కంపెనీని తిడతాం.

కాబట్టి సిరీస్‌లో ఎన్ని ప్లేట్లు అనేదానికి రెండు హద్దులు: పుష్యమాసం పొద్దున వీఓసీ కంట్రోలర్ హద్దు దాటకూడదు, రోహిణి కార్తె మధ్యాహ్నం వీఎంపీ బ్యాటరీ కిందికి దిగకూడదు. మన దగ్గర జనం భయపడేది ఎండాకాలానికి. ఎండకు కంట్రోలర్ పేలిపోతుందేమో అని టెన్షన్. నిజానికి ఎండాకాలం కంట్రోలర్‌ను చంపదు, బ్యాటరీని ఆకలితో మాడుస్తుంది. చంపేది చలికాలం.

పీడబ్ల్యూఎం అనే చవక రకం కంట్రోలర్ గురించి రెండు మాటలు. బత్తాయి తోటలో సీసీ కెమెరాకు, అడవి పందుల కోసం కంచెకు పెట్టే జట్కా (షాక్) మిషన్‌కు, 12 వోల్టుల చిన్న బ్యాటరీకి 36 సెల్స్ ప్లేట్ ఒకటి, పీడబ్ల్యూఎం ఒకటి చాలు. దానికి ఎంపీపీటీ అమ్మితే అన్యాయం. కానీ 330 వాట్ల 72 సెల్స్ ప్లేట్ తెచ్చి పీడబ్ల్యూఎంతో 12 వోల్టుల బ్యాటరీకి పెడుతున్నారు చూడండి, అది ఇంకా పెద్ద అన్యాయం. పీడబ్ల్యూఎం ప్లేట్‌ను బ్యాటరీ వోల్టేజ్‌కు లాగి పడేస్తుంది. ప్లేట్ ఇచ్చేది దాదాపు 8.8 ఆంప్స్, బ్యాటరీ 13 వోల్టులు. వచ్చేది 115 వాట్లు. మూడింట రెండు వంతులు గాలికి.

ఇప్పుడు వైర్. తండాల్లో, తోటల్లో ఇల్లు ఒకచోట, ఎండ పడే కొట్టం ఇంకోచోట ఉంటుంది. మధ్యలో 30 మీటర్లు అనుకోండి. పోను రాను 60. నాలుగు స్క్వేర్ ఎంఎం రాగి వైర్‌కు కిలోమీటరుకు 5 ఓమ్‌లు, అంటే మన అరవై మీటర్లకు 0.3 ఓమ్. మన రెండు ప్లేట్లను ప్యారలల్‌లో కడితే 26 ఆంప్స్, వైర్‌లోనే 7.8 వోల్టులు పోతాయి. రెండు వందల వాట్లు వైర్ వేడెక్కడానికే! అవే రెండు ప్లేట్లు సిరీస్‌లో కడితే 13 ఆంప్స్, పోయేది 51 వాట్లు. ప్లేట్లు అవే, వైర్ అదే. వోల్టేజ్ రెట్టింపైతే నష్టం నాలుగో వంతుకు దిగుతుంది. దూరం ఎక్కువుంటే సిరీస్ వైపే మొగ్గండి. అయితే మరీ ఎత్తుకు పోవద్దు. 200 వోల్టుల నుంచి 12కు దించమంటే కంట్రోలర్ కూడా కొంచెం వేడిగా తింటుంది.

కంట్రోలర్ పేరులో రెండో అంకె ఉంటుంది. విక్ట్రాన్ 150/35 అంటే ప్లేట్ల వైపు 150 వోల్టులు, బ్యాటరీ వైపు 35 ఆంప్స్. ఈ ఆంప్స్ విషయంలో మంచి కంట్రోలర్ సర్దుకుపోతుంది. ప్లేట్లు ఎక్కువ పెడితే 35 దగ్గర ఆపుకుంటుంది, అంతే. ప్లేట్ల వైపు షార్ట్ సర్క్యూట్ కరెంట్ హద్దు మాత్రం మాన్యువల్లో విడిగా చూడాలి. ఒకే కంట్రోలర్ 48 వోల్టుల బ్యాటరీకి రెండు కిలోవాట్ల దాకా, 24కు ఒక కిలోవాట్ దాకా పని చేస్తుంది. కొత్తగా కట్టేవాళ్లు 48కే పోవడం మంచిదని నేననేది అందుకే.

నీడ సంగతి. ప్లేట్‌లో మామూలుగా మూడు బైపాస్ డయోడ్లు ఉంటాయి, నీడ పడ్డ భాగాన్ని వదిలేసి కరెంటుకు పక్క దారి ఇచ్చేవి. తాటిచెట్టు నీడ ప్లేట్‌లో ఒక మూల పడితే ఆ మూడో వంతు పక్కకు తప్పుకుంటుంది. 48 వోల్టుల బ్యాటరీకి రెండు ప్లేట్లు సిరీస్ పెట్టిన చోట, మే నెలలో మనకున్నది 70. ఒక ప్లేట్‌లో మూడో వంతు పోతే పదకొండున్నర తగ్గి 58 అవుతుంది. కావాల్సింది 57.6. అంటే దాదాపు ఆగిపోయినట్టే. ఒక మూల నీడకు మొత్తం ఛార్జింగ్ పోతుంది. అందుకని 48 వోల్టుల బ్యాటరీ, దగ్గర్లో చెట్టో, వాటర్ ట్యాంకో ఉంటే నేను 250 వోల్టుల కంట్రోలర్ పెట్టి మూడు ప్లేట్లు సిరీస్ కడతాను. చలికి 157, ఎండకు 105. రెండు వైపులా ఊపిరాడుతుంది. నాలుగు కట్టినా చలికి 209, పర్లేదు. 150 కంట్రోలరే ఉంది, నాలుగు ప్లేట్లున్నాయి, నీడ లేదు అంటే రెండేసి సిరీస్, వాటిని ప్యారలల్. ఖర్చు చూసుకుంటే చాలా ఇళ్లకు ఇదే సరిపోతుంది.

ఇప్పుడు వస్తున్న, కంట్రోలర్ లోపలే ఉండే హైబ్రిడ్ ఇన్వర్టర్లలో చాలావాటికి ఎంపీపీటీ రేంజ్ 120 నుంచి 450, గరిష్ఠం 500 అని ఉంటుంది. అదే లెక్క. చలికి 500ను 52.3తో భాగిస్తే ప్లేట్లు తొమ్మిది దాటకూడదు. ఎండకు 120ని 35తో భాగిస్తే నాలుగు కంటే తగ్గకూడదు. నాలుగు పెడితే రెండు మూలల్లో నీడ పడినా ఆగిపోతుంది కాబట్టి ఆరు, ఏడు, ఎనిమిది మంచి సంఖ్యలు. కానీ అక్కడ 400 వోల్టుల డీసీ ఉంటుంది. ఏసీ షాక్‌కు అలవాటు పడ్డ చెయ్యి దీన్ని తక్కువ అంచనా వేస్తుంది. లోడ్ మీద ఉండగా ప్లేట్ల వైర్లను కలిపే ఎంసీ ఫోర్ కనెక్టర్ పీకితే మెరుపు లేస్తుంది, ఆరదు. ముందు ఇన్వర్టర్ ఆపాలి, తర్వాత డీసీ ఐసోలేటర్ స్విచ్ దించాలి, ఆ తర్వాతే కనెక్టర్ ముట్టుకోవాలి. చిన్న కంట్రోలర్లకు కూడా ఒక వరుస ఉంది: బిగించేటప్పుడు ముందు బ్యాటరీ, తర్వాత ప్లేట్లు. విప్పేటప్పుడు ముందు ప్లేట్లు. ఇది తిరగేస్తే కంట్రోలర్ బ్యాటరీ 24దా, 48దా అనేది తప్పుగా గుర్తుపట్టే అవకాశం ఉంది.

ప్రశ్నలు అడగండి.

("సార్, ఎస్‌పీడీ పెడితే 157 వచ్చినా కాపాడదా?")

కాపాడదు. ఎస్‌పీడీ పిడుగు దెబ్బకు పుట్టే వోల్టేజ్ కోసం. అది మైక్రోసెకన్లలో వచ్చిపోతుంది. చలికాలం వోల్టేజ్ గంటసేపు నిలబడి ఉంటుంది. పైగా ఎస్‌పీడీ పని మొదలుపెట్టేది కంట్రోలర్ హద్దు కంటే చాలా పైన. పిడుగుల కోసం ఎలాగూ పెట్టండి, ఎర్తింగ్ సరిగా ఉంటేనే. దీనికి మందు మాత్రం ఒకటే, ఒక ప్లేట్ తగ్గించడం లేదా పెద్ద కంట్రోలర్ కొనడం.

("ఏసీ ఎంసీబీ ఉంది సార్, ప్లేట్ల వైపు వాడొచ్చా? ఆంప్స్ సరిపోతున్నాయి.")

ఆంప్స్ సరిపోతాయి, ఆర్పడం చేతకాదు. మన ఏసీ సెకనుకు వందసార్లు సున్నా అవుతుంది, ఆ సున్నా దగ్గర ఎంసీబీలో మెరుపు ఆరిపోతుంది. డీసీలో ఆ సున్నా లేదు. ఎంసీబీ తెరుచుకున్నా లోపల మంట కొనసాగుతుంది, డబ్బా కరిగిపోతుంది. డీసీ అని రాసి ఉన్నదే, మీ సిరీస్ చలికాలపు వోల్టేజ్‌కు సరిపడేదే కొనండి. కొన్నింటికి ప్లస్, మైనస్ గుర్తులు ఉంటాయి, తిప్పి పెడితే అవి కూడా ఆర్పలేవు.

("మాది అమ్రాబాద్ సార్. మా దిక్కు సోలార్ పంపులు ఇస్తున్నారు కదా. ఆ ప్లేట్ల నుంచి ఇంటి బ్యాటరీకి లైన్ తీసుకోవచ్చా?")

వద్దు. ఆ పంపుల్లో బ్యాటరీ ఉండదు, ప్లేట్లు చాలా ఎక్కువ సంఖ్యలో సిరీస్‌లో ఉండి వందల వోల్టుల్లో నడుస్తాయి. వాటిని మీ 150 వోల్టుల కంట్రోలర్‌కు చూపిస్తే క్షణం కూడా ఉండదు. మధ్యలో నుంచి రెండు ప్లేట్లకు ట్యాపింగ్ తీసినా పంపు కంట్రోలర్ లెక్క చెడిపోతుంది, పథకం కింద వచ్చిన సామానుకు వారంటీ పోతుంది. ఇంటికి విడిగా రెండు ప్లేట్లు పెట్టుకోండి.

("ఇంట్లో పాత 335 వాట్ల పాలీ ప్లేట్లు రెండున్నాయి. కొత్త 540వి రెండు కొంటున్నాం. నాలుగూ కలిపి కట్టొచ్చా?")

ఒకే సిరీస్‌లో వద్దు. సిరీస్‌లో కరెంటు తక్కువున్న ప్లేట్‌దే చెల్లుతుంది. పాతవి తొమ్మిది ఆంప్స్ లోపే, కొత్తవి 13. కొత్తవి కూడా పాతవాటి స్థాయికి దిగిపోతాయి. పాతవి రెండు ఒక సిరీస్, కొత్తవి రెండు ఇంకో సిరీస్ చేసి ప్యారలల్ కలిపితే నష్టం తక్కువ, ఎందుకంటే వీఎంపీలు 38, 41.5 దగ్గర దగ్గరగా ఉన్నాయి. 60 సెల్స్‌వి అయితే అలా కూడా కలపొద్దు. ఇంకా మంచిది, పాత జతకు చిన్న కంట్రోలర్ ఒకటి విడిగా పెట్టండి. ఒకే బ్యాటరీకి రెండు కంట్రోలర్లు కట్టడంలో తప్పు లేదు. రెండింట్లోనూ బ్యాటరీ రకం, ఛార్జింగ్ వోల్టేజ్ ఒకటే సెట్ చేయండి. ఒక్కోదానికి ప్లేట్ల వైపు, బ్యాటరీ వైపు విడివిడిగా డీసీ ఎంసీబీ పెట్టండి. రెండు కంట్రోలర్ల ఆంప్స్ కలిపితే మీ బ్యాటరీకి ఎక్కువ కాకుండా చూసుకోండి: 150 ఏహెచ్ ట్యూబులర్‌కు 15 ఆంప్స్ హాయిగా సరిపోతుంది, 30కి పోనివ్వకండి.